అప్‌డేట్: మాటిమాటికీ ఆగిపోతున్న మైఎస్‌క్యూఎల్, కారణం దొరికింది

కూకట్‌పల్లి నుంచి అమ్మ నడిపే పచ్చళ్ల సైట్ వెనక (వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్, 1 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్) మైఎస్‌క్యూఎల్ (సైట్ సమాచారం దాచే డేటాబేస్) రెండ్రోజులకోసారి పడిపోతోందని, ఎందుకని గత నెల ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

‘ముందు కెర్నల్ లాగ్ చూడండి’ (సర్వర్‌ని నడిపే లినక్స్ రాసుకునే చిట్టా) అన్నవారి మాటే నిజమైంది. మైఎస్‌క్యూఎల్ సొంత లాగ్‌లో మళ్లీ స్టార్ట్ అయినట్టు తప్ప ఏమీ లేదు. కెర్నల్ లాగ్‌లో మాత్రం ‘ఔట్ ఆఫ్ మెమరీ’, పక్కనే మైఎస్‌క్యూఎల్‌డీ (మైఎస్‌క్యూఎల్‌ని నడిపే ప్రోగ్రామ్) పేరు. అంటే అది దానంతటది పడిపోలేదు. ర్యామ్ నిండిపోయి లినక్సే దాన్ని చంపేసింది. అసలు మెమరీ తిన్నది అపాచీ, అంటే సైట్ పేజీలు పంపే వెబ్ సర్వర్. వర్డ్‌ప్రెస్‌తో బయటి ప్రోగ్రామ్‌లు మాట్లాడటానికి ఉండే ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ ఫైల్ మీద బాట్‌లు (ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు) ఎడాపెడా పడుతుంటే ప్రాసెస్‌లు పుట్టగొడుగుల్లా లేచేవి. అపాచీ ఒకేసారి ఎన్ని రిక్వెస్ట్‌లు తీసుకోవచ్చో చెప్పే మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్ సెట్టింగ్‌ని 150 దగ్గర అలాగే వదిలేశాను మరి, తప్పు నాదే! దాన్ని 12కి తగ్గించి, ఆ ఫైల్ బ్లాక్ చేసి, 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెట్టాను. మూడు వారాలుగా ఒక్కసారీ ఆగలేదు.

ప్లగిన్లు తీసేయడం వల్ల తేడా రాలేదు. పాడైన టేబుల్‌ని బాగుచేసే రిపేర్ టేబుల్ కమాండ్ ఇన్నోడీబీకి (మైఎస్‌క్యూఎల్ డేటా దాచే మామూలు పద్ధతి) అసలు పనిచేయదట, దానికోసం ఒక రాత్రి నిద్ర పాడు. అమ్మ మాత్రం ఇప్పటికీ సర్వర్‌కి దిష్టి తగిలిందనే అంటోంది.