సిమ్యులేటర్ కొత్త వెర్షన్‌లో పాత మోడళ్లు: పాడయ్యాయా, అసలు రంగు బయటపడిందా?

మారతహళ్లి_బాల్సా:
పోయిన వారం నా ఆర్‌సీ సిమ్యులేటర్‌ని (రిమోట్ విమానాలు కంప్యూటర్‌లో ఎగరేసేది) కొత్త వెర్షన్‌కి మార్చాను. పేరెందుకులెండి. నా దగ్గర నలభై దాకా యాడ్-ఆన్ విమానాలున్నాయి, అన్నీ తోటి హాబీవాళ్లు ఉచితంగా చేసి పెట్టినవే. కొనేముందు "పాతవన్నీ పనిచేస్తాయి" అని రాసి ఉంది. పనిచేస్తున్నాయి, అంటే లోడ్ అవుతున్నాయి! రెండేళ్లుగా రోజూ రాత్రి ఎగరేసిన టెయిల్‌డ్రాగర్ (తోక కింద చిన్న చక్రం ఉండే విమానం) ఇప్పుడు థ్రాటిల్ ఇవ్వగానే ఎడమకి గిర్రున తిరిగి కంచెలో పడుతోంది. ఫిజిక్స్ మార్చుకుంటే మార్చుకోండి, పాత మోడల్‌కి పాత ఫిజిక్స్ ఉంచాలా వద్దా?

గాలిపటం:
అన్నా, ఆ మోడల్‌ని ఎడిటర్‌లో తెరిచి మోటార్ యాంగిల్ ఎంతుందో చూసి చెప్పు. తిట్టడం తర్వాత.

మారతహళ్లి_బాల్సా:
ఎడమకి 4 డిగ్రీలు! ఇదేంటి? నా అసలు విమానంలో కుడికి 2 డిగ్రీలు వంచి బిగించాను కదా.

గాలిపటం:
దొరికింది. ప్రొపెల్లర్ వెనక గాలి మెలితిరుగుతూ వెళ్లి ఫిన్‌ని, అంటే తోక మీది నిలువు రెక్కని, ఎడమ పక్కన కొడుతుంది, ముక్కు ఎడమకి పోతుంది. తోక నేల మీద ఉన్నంతసేపు కుడిపక్క కిందికి దిగే బ్లేడే ఎక్కువ లాగుతుంది. అదీ ఎడమకే. అందుకే అసలు విమానంలో మోటార్‌ని కుడికి వంచుతాం. పాత వెర్షన్ ఇవేవీ సరిగా లెక్కవేసేది కాదేమో. టెయిల్‌డ్రాగర్ అన్నాక ఎడమకి లాగాలి కదా అని మోడల్ చేసినాయన మోటార్‌నే ఎడమకి తిప్పి పెట్టాడు. ఆయన్ని తప్పుపట్టను, అప్పట్లో వేరే దారి లేదు. ఇప్పుడు సిమ్ నిజంగానే లెక్కవేస్తోంది, పైగా ఆ 4 డిగ్రీలూ అలాగే ఉన్నాయి. పాత ఫిజిక్స్ ఉంచమంటే ఆ అబద్ధాన్ని ఉంచమనడమే.

హోసూరురోడ్డు:
అంత తేలిగ్గా తీసేయకండి. ఎక్స్-ప్లేన్ 11 సిమ్‌లో కొత్త ఫ్లైట్ మోడల్‌ని (విమానం ఎలా ఎగరాలో లెక్కవేసే పద్ధతి) "ప్రయోగాత్మకం" అని చెక్‌బాక్స్‌గా ఇచ్చారు, కావలసినవాళ్లు టిక్ పెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్‌లోనూ మోడర్న్, లెగసీ అని రెండు ఆప్షన్లున్నాయి. వాళ్లకి కుదిరింది వీళ్లకెందుకు కుదరదు? డబ్బు కట్టినవాడికి ఆ మాత్రం అడిగే హక్కు లేదా?

గాలిపటం:
హక్కు ఉంది. కానీ పాతదీ కొత్తదీ రెండు ఫిజిక్స్ ఇంజిన్లు మోస్తే ప్రతి మార్పునీ రెండుసార్లు పరీక్షించాలి, కొత్తగా మోడల్ చేసేవాడికి దేనికి ట్యూన్ చేయాలో తెలియదు. ఇంకోటి, 2017లో ప్రిపేర్3డి అనే సిమ్ నాలుగో వెర్షన్ 64 బిట్‌కి మారినప్పుడు పాత 32 బిట్ గేజ్‌ల (కాక్‌పిట్ మీటర్ల) డీఎల్‌ఎల్ ప్రోగ్రామ్ ఫైళ్లు అసలు లోడే కాలేదు. అప్పుడు మనం చేయగలిగింది ఏమీ లేదు, తయారుచేసినవాళ్లే మళ్లీ కట్టివ్వాలి. ఇక్కడ మార్చాల్సినవి అంకెలే. అరగంట పని.

యెలహంక_గ్లైడర్:
మధ్యలో దూరుతున్నాను. బాల్సా గారూ, సిమ్‌లో మీ మైదానం ఎత్తు ఎంత పెట్టారు? సున్నా అయితే మీరు ఎగరేస్తున్నది చెన్నై బీచ్‌లో! మన బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రామాణిక వాతావరణం లెక్కన ఇక్కడ గాలి 8 శాతం పలచన, స్టాల్ వేగం (ఇంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) 4 శాతం పైచిలుకు ఎక్కువ. సిమ్‌లో మెత్తగా దిగిన విమానం ఇక్కడ దభీమని కూర్చోవడం నేను చూశాను. విరిగిన రెక్క నాదే.

మారతహళ్లి_బాల్సా:
సున్నాయే ఉంది, మార్చాను. మోటార్‌ని కుడికి 2 డిగ్రీలు పెట్టాను. కొంచెం రడర్ (తోక చుక్కాని) పట్టుకుంటే తిన్నగానే పరిగెత్తుతోంది, ఒప్పుకుంటున్నాను. కానీ చేసినాయన మెసేజ్‌లకి బదులివ్వట్లేదు, ఇంకా ముప్ఫై తొమ్మిది మోడళ్లున్నాయి. డబ్బు కట్టిందీ నేనే, మరమ్మతూ నేనేనా?

హోసూరురోడ్డు:
నేను మొదటినుంచీ అంటున్నది అదే.

గాలిపటం:
వార్‌బర్డ్‌లు (పాత యుద్ధవిమానాల మోడళ్లు) నాకు పంపు అన్నా, ఆదివారం చూస్తాను. జెట్లు మాత్రం నావల్ల కాదు.