సెలవుల్లో ఇంటినిండా చుట్టాలు: పరుగు ఆగిపోతే దమ్ము తగ్గిపోతుందా?

పొద్దుటిపరుగు:
అందరికీ నమస్కారం. చాలా కాలంగా పొద్దున్నే ఒక నలభై నిమిషాలు పరుగెత్తడం నాకు అలవాటు. ఇంట్లో వాళ్లు లేచేలోపు వెళ్లి వచ్చేస్తాను. కానీ పండగ సెలవులు మొదలయ్యాయంటే నా టైమ్ నా చేతిలో ఉండదు. మూడు వారాల పాటు చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు. అర్ధరాత్రి దాటేదాకా కబుర్లు, లేవగానే వంటగది, మధ్యలో కారులో ఆరేడు గంటల ప్రయాణం. అందరూ ఇంట్లో ఉండగా బూట్లు వేసుకుని గంటసేపు మాయమవడం నాకు ఇష్టం లేదు, ఏడాదికోసారి కలిసేవాళ్లు మరి. నా టెన్షన్ అంతా ఇన్నాళ్లూ కష్టపడి తెచ్చుకున్న దమ్ము గురించే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుందా? కనీసం ఎంత చేస్తే నిలుస్తుంది?

మెట్లదారి:
నేను ఫిజియోథెరపిస్టునండీ. సెలవులయ్యాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు. ముందే అడిగారు కాబట్టి మీ పని తేలిక.

దమ్ము పెంచుకోవడానికి పడే కష్టం వేరు, ఉన్నది నిలుపుకోవడానికి కావలసింది వేరు. రెండోది చాలా తక్కువ. 1980లలో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించి చూసింది. కొంతమందికి పది వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున గట్టి శిక్షణ ఇచ్చారు. తర్వాత ఒక ప్రయోగంలో రోజులను నాలుగుకో రెండుకో తగ్గించారు. ఇంకో ప్రయోగంలో రోజులు అలాగే ఉంచి, సమయాన్ని 26 నిమిషాలకో 13 నిమిషాలకో తగ్గించారు. రెండింటిలోనూ 15 వారాల తర్వాత కూడా శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం దాదాపు అలాగే ఉంది. 13 నిమిషాలే చేసినవాళ్లలో మాత్రం చాలాసేపు సాగే శ్రమను తట్టుకునే ఓపిక కొంత తగ్గింది. మూడో ప్రయోగంలో రోజులు, నిమిషాలు మార్చకుండా శ్రమ తీవ్రతను తగ్గించారు. అప్పుడు సామర్థ్యం పడిపోయింది.

మీరు పట్టుకోవాల్సింది ఇదే. ఈ మూడు వారాలూ రోజులు తగ్గినా, నిమిషాలు తగ్గినా ఫరవాలేదు, వేగం మాత్రం తగ్గించకండి. వారంలో రెండు మూడు సార్లు, నాలుగైదు నిమిషాలు మెల్లగా నడిచి ఒళ్లు వేడెక్కాక, ఓ పావుగంట మీ మామూలు వేగంతోనో కాస్త ఎక్కువగానో పరుగెత్తండి. బయటకు వెళ్లే వీలు లేకపోతే మెట్లు చాలు. రొప్పు వచ్చేలా ఎక్కడం, మెల్లగా దిగుతూ ఊపిరి సర్దుకోవడం, మళ్లీ ఎక్కడం.

అసలేమీ చేయకపోతే మాత్రం రెండు వారాల్లోపే తేడా తెలుస్తుంది. శరీరంలో రక్తం పరిమాణం కొంత తగ్గి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం తగ్గుతుంది. అందుకే విరామం తర్వాత మొదటి పరుగులో అంత ఆయాసం. కండరాల బలం అంత త్వరగా పోదు, దాని గురించి దిగులు వద్దు.

ఇంకో మాట. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఐదింటికి అలారం పెట్టుకోకండి. ఆ రోజు నిద్రే ముఖ్యం. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మీకు ఆ పావుగంట దొరుకుతుంది.

దూరప్రయాణం:
ప్రయాణం సంగతి నేను చెబుతాను, నా ఉద్యోగమే డ్రైవింగ్. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మామూలుగా ఆ ముప్పు చాలా చిన్నదే, భయపడనక్కర్లేదు. కానీ రెండు గంటలకోసారి బండి ఆపి అందరినీ కిందికి దింపండి. ఐదు నిమిషాలు నడిస్తే చాలు. సీట్లో ఉన్నప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉంటే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. డ్రైవింగ్ చేసేవాళ్లకు కూడా ఈ విరామం కావాలి, మగత వదులుతుంది.

పొద్దుటిపరుగు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పావుగంట అంటే దొరుకుతుంది! ఇంకొక్క సందేహం. మా అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్లు కొంచెం నొప్పి. రోజంతా కుర్చీలోనే ఉంటారు. ఆవిడను కూడా కదిలించాలని ఉంది. ఏం చేయిస్తే మంచిది?

మెట్లదారి:
చాలా మంచి ఆలోచనండీ. భోజనమయ్యాక అందరూ కలిసి పది నిమిషాలు నడవండి, ఆవిడ ఎంత దూరం రాగలిగితే అంతే. తిన్న తర్వాత కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, అందుకే ఈ వేళ నడకకు విలువ ఎక్కువ. పైగా మీరు చుట్టాలను వదిలి వెళ్లాల్సిన పని ఉండదు. పక్కవాళ్లతో మాట్లాడగలుగుతూ, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలనంత వేగం మీకు సరైనది. ఆవిడ అంతకన్నా నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు.

ఇంట్లో అయితే గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి లేచి నిలబడటం, మెల్లగా కూర్చోవడం. ఐదారు సార్లతో మొదలుపెట్టండి. మోకాలు నొప్పిగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నొప్పి ఎక్కువైతే ఆపేయాలి. 65 దాటినవాళ్లు బలానికి, బ్యాలెన్స్‌కు పనికొచ్చే కదలికలు వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. ఒకేసారి పది నిమిషాలకు తగ్గకుండా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని కూడా అందులో తీసేశారు. కాబట్టి ఆవిడ పొద్దున రెండు నిమిషాలు, సాయంత్రం మూడు నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది. ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి.

మీరు మాత్రం సెలవులయ్యాక మొదటి వారం పాత దూరంలో సగంతో మొదలుపెట్టండి. మీ గుండె సిద్ధంగానే ఉంటుంది కానీ, కాళ్లలో కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు, కీళ్లు మళ్లీ ఆ బరువుకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది.