పండుగ కార్డు కోసం చలికాలంలో రైలు ఫోటో: మీ అనుభవాలు చెప్పండి

చలిపొద్దు:
అందరికీ నమస్కారం. ఈ ఏడాది పండుగకి కొన్న కార్డులు కాకుండా, నేనే తీసిన రైలు ఫోటోతో కార్డు అచ్చు వేయించి బంధువులకీ స్నేహితులకీ పంపాలని గట్టిగా అనుకుంటున్నాను. రైళ్ల ఫోటోలు తీయడం అలవాటే కానీ మంచులో తీయడం మాత్రం కొత్త. తెల్లగా ఉండాల్సిన మంచు బూడిద రంగులో వస్తోంది, ఇంజిన్ కింది భాగమంతా నల్లటి ముద్దలా పడుతోంది. పైగా మామూలుగా మనం తీసే రైలు ఫోటోకీ, కార్డు మీద బాగుండే ఫోటోకీ తేడా ఉంటుందేమో అనిపిస్తోంది. ఎక్కడ నిలబడాలి, ఏ వేళకి వెళ్లాలి, అచ్చుకి ఇచ్చేముందు ఏం చూసుకోవాలి, తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పట్టాలవెంట:
మీ అనుమానం నిజమే, తేడా చాలా ఉంది. మనలాంటి రైలు పిచ్చివాళ్లం ఇంజిన్ నంబరు కనబడాలి, అన్ని పెట్టెలూ ఫ్రేమ్‌లో రావాలి అని చూస్తాం. కార్డు అందుకునేవాళ్లకి అది ఏ ఇంజిన్ అన్నది అనవసరం. చేతిలోకి తీసుకుని నాలుగు క్షణాలు చూస్తారు, ఆ నాలుగు క్షణాల్లో చలి, దారి, ప్రయాణం అన్నీ తెలిసిపోవాలి. అందుకే నా మాట ఏంటంటే రైలుని చిన్నది చేయండి. ఫ్రేమ్‌లో మూడో వంతు, ఇంకా తక్కువైనా ఫరవాలేదు, మిగతాదంతా చెట్లకీ కొండకీ తెల్లటి నేలకీ వదిలేయండి. మలుపు తిరుగుతున్న రైలైతే మరీ మంచిది, ఎందుకంటే చిన్నగా ఉన్నా మలుపు వల్ల చూపు తిన్నగా ఇంజిన్ దగ్గరికే వెళ్తుంది.

స్విట్జర్లాండ్‌లో రేషియన్ రైల్వే అనే సంస్థ వాళ్ల ఎర్ర పెట్టెలు లాండ్‌వాసర్ వంతెన మీద వెళ్తున్న ఫోటోలు చూసే ఉంటారు. వంతెన 65 మీటర్ల ఎత్తు, రైలేమో ఫ్రేమ్‌లో సన్నటి గీత. అయినా కన్ను ఆ ఎరుపు మీదే ఆగుతుంది. తెలుపు మధ్యలో ఎరుపు గానీ పసుపు గానీ కొంచెం ఉంటే చాలు. మీ దగ్గర తిరిగే రైళ్లు తెలుపు, బూడిద రంగులవైతే మాత్రం పగలు మంచులో కలిసిపోతాయి, వాటిని వెలుతురు తగ్గాక హెడ్‌లైట్‌తో తీయడమే మంచిది.

ఇంకోటి, శుభాకాంక్షలు రాయడానికి చోటు ముందే చూసుకోండి. పైన ఆకాశమో, కింద ఎవరూ తొక్కని మంచో ఒక పక్క ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో కరెంటు తీగలూ కొమ్మలూ అడ్డొస్తే అక్షరాలు చదవబుద్ధి కాదు. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండూ తీసి పెట్టుకోండి.

మూడోపెట్టె:
మంచు బూడిద రంగులోకి రావడం గురించి. కెమెరా మీటర్ ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థంగా ఉండే బూడిద రంగు అనుకునే వెలుతురు లెక్క వేస్తుంది. ఫ్రేమ్ నిండా తెలుపే ఉంటే, ఎక్కువ వెలుతురు వచ్చేసిందని భ్రమపడి తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా వేసిన లెక్కని మనం పెంచే, తగ్గించే అమరిక) ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెట్టండి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగూ చీకటీ ఎంతున్నాయో చూపే గ్రాఫ్) కుడివైపుకి వెళ్లాలి కానీ కుడి అంచుకి తగలకూడదు. నేనైతే రైలు రాకముందే ఆ చోట మంచుని కొలిచి మాన్యువల్‌లో పెట్టేస్తాను. ఆటోలో వదిలితే హెడ్‌లైట్ ఎదురుపడగానే మీటర్ బెదిరిపోతుంది, ఫోటో మొత్తం చీకటైపోతుంది. రా ఫైల్‌లోనే (కెమెరా మార్చకుండా దాచే ఫైల్) తీయండి, నీడలో ఉన్న మంచు నీలంగా పడుతుంది కాబట్టి తర్వాత సరిచేసుకోవచ్చు. కానీ ఆ నీలాన్ని పూర్తిగా తీసేయొద్దు, చలి కనపడేది దాంట్లోనే.

షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో, సెకన్లలో) సంగతి: గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. 1/1000లో తీస్తే ఆ కాసేపట్లో 3 సెంటీమీటర్లు కూడా కదలదు, 1/250లో అయితే 11 సెంటీమీటర్లు కదులుతుంది. ఎదురుగా వస్తున్న రైలుకి ఈ కదలిక ఫోటోలో తక్కువ తెలుస్తుంది, పక్కనుంచి తీస్తేనే ఎక్కువ. పట్టాలవెంట గారు చెప్పినట్టు రైలు చిన్నగా ఉంటే 1/500 కూడా సరిపోతుంది.

చలిపొద్దు:
మూడోపెట్టె గారూ, మంచు పడుతూ ఉన్నప్పుడు కూడా ఇవే సెట్టింగులా? ఆటోఫోకస్ రైలుని వదిలేసి గాల్లో ఎగిరే మంచు మీదకి పోతోంది.

మూడోపెట్టె:
అప్పుడు ఆటోఫోకస్ కట్టేయండి. రైలు ఎక్కడికి వచ్చినప్పుడు తీయాలో ఆ చోట పట్టాల మీద గానీ సిగ్నల్ స్తంభం మీద గానీ ముందే ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి. 1/500లో తీస్తే మంచు చుక్కలుగా వస్తుంది, 1/60 దగ్గర గీతలుగా సాగుతుంది. కార్డుకి నాకు చుక్కలే ఇష్టం. గీతలు వానలా కనిపిస్తాయి, పైగా అంత నెమ్మదిగా తీస్తే రైలు కూడా చెదిరిపోతుంది. ఫ్లాష్ మాత్రం అసలు వద్దు. దగ్గరున్న మంచు రేకులు మాత్రమే వెలిగి పెద్ద పెద్ద తెల్లటి మచ్చలైపోతాయి, అంతకంటే ముఖ్యం, రైలు నడిపే మనిషి కళ్లలో పడుతుంది.

బొగ్గుపొగ:
ఆవిరి ఇంజిన్ దొరికే అవకాశం ఉంటే దాన్ని వదలొద్దు అన్నా. చలికాలంలో ఆవిరి ఇంజిన్ అందమే వేరు. నిజానికి ఆవిరి కంటికి కనబడదు, అది చల్లబడి సన్నటి నీటి తుంపరగా మారితేనే మనకి తెల్లగా కనిపిస్తుంది. చల్లగాలి నీటి ఆవిరిని ఎక్కువ పట్టుకోలేదు కాబట్టి ఆ తెల్లటి మేఘం దట్టంగా వచ్చి చాలాసేపు నిలబడుతుంది. ఎండాకాలంలో అదే ఇంజిన్, అదే బరువు లాగుతూ ఉన్నా పైన ఏమీ లేనట్టే ఉంటుంది. జర్మనీలో హార్జ్ కొండల మీద, 1141 మీటర్ల ఎత్తున్న బ్రోకెన్ శిఖరానికి చలికాలంలో కూడా ఆవిరి రైళ్లు నడుస్తాయి. అక్కడి ఫోటోలు వరసగా చూస్తే చలి ఎంత పని చేసిపెడుతుందో అర్థమవుతుంది.

రెండు సంగతులు గమనించండి. ఎత్తు ఎక్కుతున్న చోట నిలబడాలి, దిగేటప్పుడు ఇంజిన్ కష్టపడదు, మేఘం రాదు. ఇక గాలి మీ వీపు మీంచి రైలు వైపుకి వీయాలి. ఎదురుగాలైతే ఆవిరంతా మీ వైపుకే వచ్చి రైలు మొత్తం అందులో మునిగిపోతుంది. ఎండ రైలు వెనకనుంచి వస్తే ఆ ఆవిరి అంచులు వెలుగుతాయి, కార్డు మీద దాన్ని మించింది నేనింకా చూడలేదు.

రైలుచూపు:
అందరూ మంచు, ఆవిరి ఇంజిన్ అంటున్నారు. అవి రెండూ లేనివాళ్ల సంగతేంటి? చలికాలం అంటే మంచు కురవడమే కాదు. పొద్దున్నే పొగమంచులోంచి హెడ్‌లైట్ వెలుగు పలచగా పరుచుకుంటూ రావడం, గడ్డి మీద గడ్డకట్టిన మంచుబిందువులు, ఆకుల్లేని చెట్లు, ఇవన్నీ చలికాలమే. పొగమంచుకి ఇంకో లాభం, వెనకాల ఉన్న అక్కర్లేనివన్నీ మాయమైపోతాయి, పట్టాలూ దీపం మాత్రం మిగులుతాయి. దాంట్లో కూడా కాంపెన్సేషన్ ప్లస్‌లోనే పెట్టాలి, లేకపోతే మురికిగా వస్తుంది. దయచేసి సాఫ్ట్‌వేర్‌తో మంచు కలపొద్దు. ఫోటో అంతా పడుతుంది, పెట్టె పైకప్పుల మీదా చెట్ల మీదా మాత్రం ఉండదు, చూడగానే తెలిసిపోతుంది. ఉన్న చలినే తీయండి.

నీలిసంధ్య:
రైలుచూపు గారితో ఏకీభవిస్తున్నాను, పైగా మంచు ఉన్నా లేకపోయినా పనికొచ్చే సమయం ఒకటుంది. పొద్దుగూకాక ఆకాశం ముదురు నీలంలోకి వెళ్లే కాసేపు. పెట్టెల కిటికీల్లోని వెలుగూ, బయటి వెలుగూ దాదాపు సమానమయ్యే సమయం అది. అంతకుముందైతే కిటికీలు చచ్చిపోయినట్టుంటాయి, ఆ తర్వాతైతే కిటికీలు తప్ప ఇంకేమీ కనబడదు. బయటంతా నీలం, లోపల పసుపు వెలుగు, అందులో ఇంటికి వెళ్తున్న మనుషులు. పండుగ కార్డుకి ఇంతకంటే ఏం కావాలి?

వేగంగా పోయే రైలుకి ఆ వెలుతురు చాలదు. స్టేషన్‌లో ఆగిన రైలుని గానీ, అప్పుడే కదులుతున్నదాన్ని గానీ చూసుకోండి. ఆగి ఉంటే ట్రైపాడ్ మీద ఎంతసేపైనా తీయొచ్చు, ప్లాట్‌ఫాం మీద ట్రైపాడ్ పెట్టనిస్తారో లేదో ముందే అడగండి. కదులుతుంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) f/2.8, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే అమరిక) 1600 నుంచి 3200. ఎల్‌ఈడీ బోర్డున్న రైలైతే ఎక్కువ షట్టర్ స్పీడ్‌లో అక్షరాలు సగం సగం పడతాయి, 1/125 కంటే తగ్గించి చూడండి.

రాత్రి రైళ్ల ఫోటోల గురించి తెలుసుకోవాలంటే ఓ. విన్‌స్టన్ లింక్ తీసినవి చూడండి. అమెరికాలో నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఆవిరి ఇంజిన్ల చివరి రోజుల్ని 1955 నుంచి 1960 దాకా తీశాడాయన, చాలావాటిని రాత్రిపూట, బోలెడన్ని ఫ్లాష్ బల్బులు ఒకేసారి వెలిగించి. మనకి ఆ ఏర్పాట్లు సాధ్యం కావు, మనం చేయకూడదు కూడా, ఆయన రైల్వే వాళ్ల సహకారంతో చేశాడు. నేర్చుకోవాల్సింది ఆయన ఫ్రేమ్ కట్టే తీరు. రైలు ఒక పక్కన వెళ్తుంటుంది, ముందేమో మనుషులూ వాళ్ల బతుకూ ఉంటాయి.

పట్టాలవెంట:
ఇంజిన్ కింది భాగం నల్లగా రావడం గురించి ఎవరూ చెప్పలేదు. ఎండ పైనుంచి పడితే చక్రాల భాగమంతా నీడలోకి పోతుంది. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి, ఎండ పడే వైపు నిలబడితే చక్రాల దాకా వెలుతురు వెళ్తుంది. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబర్ 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు 17 డిగ్రీలు దాటి పైకి రాడు. కింద మంచుంటే అది కూడా వెలుతురుని పైకి కొడుతుంది. ఉత్తరార్ధగోళంలో అయితే తూర్పు పడమరలుగా వెళ్లే లైనుకి దక్షిణం వైపు నిలబడండి, రోజంతా మీదే. ఒక ఇబ్బంది ఏంటంటే నీడలు పొడుగ్గా ఉంటాయి. మీ వెనక ఎక్కడో ఉన్న చెట్టు నీడ కూడా వచ్చి సరిగ్గా ఇంజిన్ ముఖం మీద పడొచ్చు. రైలు వచ్చే వేళకి ముందే అక్కడ నిలబడి నీడ ఎటు జరుగుతోందో చూసుకోవాలి.

కొత్తగా పడ్డ పొడి మంచుంటే ఇంకో అదృష్టం, వేగంగా వెళ్లే రైలు వెనకాల తెల్లటి దుమారం లేస్తుంది. ముందు భాగం తేటగా, వెనక పెట్టెలు కనీకనబడకుండా. మర్నాటికి మంచు బిగుసుకుపోతే అది రాదు, చెట్ల కొమ్మల మీద మంచు కూడా ఎండకీ గాలికీ రాలిపోతుంది. కురిసి ఆగిన వెంటనే బయల్దేరాలి.

గేటుకాడ:
ఆ దుమారం దగ్గర నిలబడేవాళ్లకి ఒక మాట, చాలా గట్టిగా చెప్తున్నాను. కొత్త మంచు శబ్దాన్ని పీల్చేస్తుంది. కరెంటు ఇంజిన్ అసలే నిశ్శబ్దంగా వస్తుంది, మంచులో అయితే మీ దగ్గరికి వచ్చేదాకా వినబడకపోవచ్చు. చెవుల మీద టోపీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చెవిని నమ్ముకోవద్దు. రైలు కింద గడ్డకట్టిన మంచుగడ్డలు ఊడి ఎగురుతాయి, వాటితో కంకర రాళ్లు కూడా లేస్తాయి. మంచు తోసే బండి వస్తే అది పక్కకి విసిరే మంచు చాలా దూరం పడుతుంది. పట్టాల మధ్య నిలబడి తీసిన ఫోటోని కార్డు మీద వేయొద్దు కూడా, అది చూసి ఇంట్లో పిల్లలు అలాగే చేస్తారు. రోడ్డు వంతెన, ప్లాట్‌ఫాం, కంచె బయట గట్టు, వీటి మీంచి ఎంత మంచి ఫోటోలైనా వస్తాయి. వెంట ఇంకొకరు ఉంటే రెండు వైపులా కనిపెట్టుకుని ఉండొచ్చు.

మూడోపెట్టె:
కెమెరా జాగ్రత్తలు కూడా. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనుకుని పెట్టుకోండి. దిగిపోయిందనుకున్నది కూడా వెచ్చబడితే కొంచెం పనిచేస్తుంది. చలిలోంచి ఇంట్లోకి వచ్చేముందు బయటే కెమెరాని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసేయండి, అప్పుడు తేమ సంచి మీద పేరుకుంటుంది, లెన్స్ మీద కాదు. లోపలికి వచ్చాక పూర్తిగా వెచ్చబడేదాకా విప్పొద్దు. ఫోటోలు వెంటనే చూడాలని ఆత్రం ఆగదు కాబట్టి మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకోండి. హీటర్ వేసిన కారులోంచి కిటికీ దించి తీసేవాళ్లుంటే, వేడిగాలి చలిగాలిలో కలిసే చోట దృశ్యం అలలాడుతుంది, పొడుగు లెన్స్‌తో ఒక్కటి కూడా పదునుగా రాదు. దిగి తీయండి.

కాగితంపని:
అచ్చు పని చేసేవాణ్ణి, నా వంతు. మామూలుగా కార్డు 5×7 అంగుళాలు ఉంటుంది. మీ కెమెరా ఫ్రేమ్ నిష్పత్తి 3:2, ఫోన్‌ది 4:3, కార్డుది ఆ రెండూ కాదు, కాబట్టి అంచులు కొంత పోతాయి. 6000×4000 ఫైల్ అయితే అడ్డంలో 5600 మిగులుతుంది. పైగా కత్తిరింపుకి నాలుగు వైపులా ఒక్కో 3 మిల్లీమీటర్లు అదనంగా అడుగుతాం. ఇంజిన్ ముక్కుని ఫ్రేమ్ అంచుకి ఆనించి తీసిన ఫోటోలు మా దగ్గరికి వస్తుంటాయి, వాటిని ఏం చేయలేం. కాస్త వదులుగా తీయండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన 2100×1500 పిక్సెళ్లు చాలు, ఈ రోజుల్లో ఏ ఫోన్ అయినా సరిపోతుంది.

తెర వెనకనుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. కాబట్టి తెర మీద బాగున్న నీలి సాయంత్రం కాగితం మీద ఒక మెట్టు చీకటిగా వస్తుంది. నీలిసంధ్య గారు చెప్పిన రకం ఫోటోలైతే నీడల్ని కొంచెం పైకి లేపి ఇవ్వండి. మంచు మాత్రం మరీ తెల్లగా చేయొద్దు, పూర్తి తెలుపైతే అక్కడ సిరా పడదు, ఖాళీ కాగితమే కనిపిస్తుంది. అన్నీ వేయించే ముందు ఒక్క కార్డు నమూనా అడిగి తీసుకోండి.

చలిపొద్దు:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. మా దగ్గర లైను తూర్పు పడమరలుగానే ఉంది, దక్షిణం వైపు రోడ్డు వంతెన కూడా ఉంది, కాబట్టి మొదట అక్కడికే వెళ్తాను. కాగితంపని గారూ, లోపల చేత్తో రాయాలనుంది, ఏ కాగితం అడగమంటారు?

కాగితంపని:
బయట మెరుపుండి, లోపల పూత లేని కాగితం ఉంటుంది, అదే అడగండి. రెండు వైపులా మెరుపుంటే పెన్ను సిరా అలుక్కుపోతుంది. ఆవిరి, పొగమంచు లాంటి మెత్తటి ఫోటో అయితే బయట కూడా మెరుపు లేని మ్యాట్ తీసుకోండి. ఎర్ర రైలూ ఎండా ఉంటే మెరుపు కాగితం మీద రంగు నిలుస్తుంది.

రైలుచూపు:
చలిపొద్దు గారూ, వంతెన మీంచి తీసేటప్పుడు కంచె కన్నాల్లోంచి తీయాల్సి వస్తే లెన్స్‌ని కంచెకి బాగా దగ్గరగా పెట్టి అపర్చర్ తెరిచి ఉంచండి, తీగ కనబడదు. తీశాక ఇక్కడ పెట్టండి, అచ్చుకి ఇచ్చేముందు అందరం ఒకసారి చూస్తాం.