అమ్మ ఫోన్‌లో ఫోన్‌పే పెట్టాలా, వద్దా?

కోటబొమ్మాళి అమ్మాయి
అందరికీ నమస్కారం. మా అమ్మకి 67 ఏళ్లు. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో ఒక్కర్తే ఉంటోంది. నాన్న రైల్వేలో చేసి పోయారు, ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య విశాఖలో. పోయినేడాది టచ్ ఫోన్ కొనిచ్చాం. వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తుంది, యూట్యూబ్‌లో భజనలు పెట్టుకుంటుంది. ఇప్పుడు "నాకూ ఫోన్‌పే పెట్టండి, నేర్చుకుంటాను" అంటోంది. అన్నయ్య ససేమిరా అంటున్నాడు. బ్యాంకు ఖాతాకి ఉన్నది అన్నయ్య నంబరే. ఏం కావాలన్నా తనే పంపిస్తాడట. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

గజపతినగరం 77
మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్. మా నాన్నకి ఇలాగే నేర్పించాం. ఒకరోజు "మీ కేవైసీ గడువు అయిపోయింది, ఖాతా ఆగిపోతుంది" అని ఫోన్ వచ్చింది. వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపారు, నొక్కమన్నారు, నొక్కారు. అది ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ దిగిపోతుంది. ఓటీపీలన్నీ వాళ్లకి పోయాయి. నాన్న సిగ్గుపడి మర్నాటి దాకా నోరు విప్పలేదు. మేం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. నేర్చుకోవడం, స్వేచ్ఛ అని చెప్పేవాళ్లు ఆ రాత్రి మా ఇంట్లో ఉండాల్సింది.

రాజాం మాస్టారు
బాబూ, మీ నాన్నగారి విషయం విని బాధేసింది. కానీ మోసానికి వయసు చూపిస్తే ఒప్పుకోను. వీడియో కాల్‌లో దొంగ పోలీసులు బెదిరించే డిజిటల్ అరెస్టు పేరుతో డాక్టర్లు, ఇంజనీర్లు కూడా లక్షలు పోగొట్టుకున్నారు. అలాంటి అరెస్టే చట్టంలో లేదని ప్రధాని 2024 అక్టోబరు మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. నాకిప్పుడు 71. రిటైరయ్యాకే నేర్చుకున్నాను. కరెంటు బిల్లు వాట్సాప్‌లో మన మిత్ర, అదే ఏపీ ప్రభుత్వ సేవ, దాని నుంచే కడుతున్నాను. ఆవిడకి రైల్వే పెన్షన్ అంటున్నారు కాబట్టి నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ తిప్పలు ఉంటాయి. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు. ముందు అది నేర్పించమ్మా, ధైర్యం వస్తుంది.

బటన్ ఫోనే మేలు
ఇంత రభస ఎందుకండీ. బటన్ ఫోన్‌లోనే యూపీఐ ఉంది. 123పే అంటారు, 2022లో రిజర్వ్ బ్యాంకు తెచ్చింది. ఒక నంబరుకి ఫోన్ చేసి, చెప్పిన అంకెలు నొక్కి డబ్బు పంపడమే. యాప్ లేదు, లింకు లేదు, ఫైల్ లేదు.

పలాస కుర్రోడు
మా అమ్మ జీడిపిక్కల బట్టీలో చేసింది. పిక్క సొనకి వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. పెన్షన్ రోజు సచివాలయం వాళ్లు మెషీన్ పట్టుకొస్తే వేలిముద్ర పడదు, తుడిచి తుడిచి మళ్లీ పెట్టాలి. టచ్ ఫోన్‌దీ అదే గొడవ. తగలట్లేదని గట్టిగా నొక్కిపెట్టి ఉంచుతుంది. అంతసేపు నొక్కితే బొమ్మ కదిలిపోతుంది, తొలగించాలా అని అడుగుతుంది, తను సరే అంటుంది. అలా వాట్సాప్ ఎగిరిపోయింది. నేర్పేవాళ్లు "ఇది నొక్కు" అంటారు గానీ ఎంతసేపు నొక్కాలో ఎవరూ చెప్పరు. తాకి తీసెయ్యాలి అని చెప్పాక ఇబ్బంది లేదు.

సోంపేట సముద్రం
తిత్లీ తుఫాను వచ్చినప్పుడు (2018) మాకు రోజుల తరబడి కరెంటూ లేదు, టవరూ లేదు. ఏ యాప్ పెట్టినా పెట్టెలో నాలుగు నోట్లు ఉంచమనండి.

గజపతినగరం 77
మాస్టారూ, మీరు చదువుకున్నవారు, మీ లెక్క వేరు. పల్లెలో ఉన్నావిడకి "మీకు డబ్బు పడాలి, పిన్ కొట్టండి" అంటే కొట్టేస్తుంది. కొడితే పడదు, పోతుంది.

రాజాం మాస్టారు
ఆ ఒక్క ముక్కే నేర్పమంటున్నాను. డబ్బు వచ్చేటప్పుడు పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందన్నమాట. ఇది అర్థం కావడానికి డిగ్రీ కావాలా?

బటన్ ఫోనే మేలు
123పే గురించి ఎవరూ మాట్లాడరేటి?

కోట జంక్షన్
మధ్యేమార్గం ఒకటుంది. యూపీఐ సర్కిల్ అని 2024లో వచ్చింది. అన్నయ్య ప్రైమరీ, అంటే ఖాతా ఆయనది; అమ్మ సెకండరీ, అంటే అందులోంచి వాడుకునేది. ఆవిడ స్కాన్ చేస్తే ఆయనకి రిక్వెస్టు వెళ్తుంది, ఆయన ఓకే చేస్తేనే కడుతుంది. లేదంటే నెలకి 15 వేల లోపు పరిమితి పెట్టేయొచ్చు, అడగక్కర్లేదు.

గజపతినగరం 77
ఇది బాగుంది. ఇదే చేయండి.

రాజాం మాస్టారు
ఏం బాగుంది? సర్కిల్‌లో డబ్బు పోయేది ప్రైమరీ ఖాతా నుంచి. ఆవిడ పెన్షన్ ఆవిడ ఖాతాలో పడుతుంటే ప్రైమరీ ఆవిడే కావాలి, కొడుకు సెకండరీ కావాలి. ఆ మాట మీలో ఒక్కరికీ తట్టలేదు. కూరగాయల బండి దగ్గర నిలబడి, తన డబ్బు ఖర్చు పెట్టడానికి కొడుకు మీటింగులోంచి బయటికి వచ్చే దాకా ఆగాలా?

గజపతినగరం 77
మాస్టారూ, మీ పిల్లల మీద కోపం మా మీద చూపించకండి.

రాజాం మాస్టారు
చూపిస్తాను. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు బ్యాంకు నంబరు మా అబ్బాయి తనది పెట్టాడు. మంచికే పెట్టాడు. కోలుకుని ఇంటికి వచ్చినా మార్చలేదు. రెండు వేలు తీస్తే ఇంకో అరగంటకి ఫోన్, "నాన్నా, ఎందుకు తీశారు?" అని. ముప్పై ఏళ్లు బడిలో హాజరు తీసుకున్నవాణ్ణి, నేను లేచి నిలబడి జవాబు చెప్పాలి. ఆఖరికి నేనే బ్యాంకుకెళ్లి నంబరు మార్పించుకున్నాను. అందుకే ఫోన్ నేర్చుకున్నాను బాబూ, సరదాకి కాదు.

మూడు లాంతర్లు
👏 మాస్టారూ.

గజపతినగరం 77
అయితే సూటిగా అడుగుతాను. చెల్లెమ్మా, మీ అన్నయ్య అన్నీ పంపిస్తానంటున్నాడు కదా. మీ అమ్మగారికి ఫోన్‌పేతో పనేంటి? ఆవిడ ఎవరికి పంపాలి? మీకేనా?

కోటబొమ్మాళి అమ్మాయి
అడిగేశారుగా, చెప్తాను. అవును, నాకు కూడా. మా పాప పుట్టినరోజుకి అయిదు వందలు పంపాలన్నా అమ్మ అన్నయ్యని అడగాలి. టెక్కలిలో పిన్నికి ఒంట్లో బాగోదు, మందులకి ఇవ్వాలన్నా అడగాలి. "మొన్ననే ఇచ్చావు కదమ్మా" అంటాడు. తిట్టడు, అరవడు. లెక్క అడుగుతాడు, అంతే. అమ్మకి ఆ లెక్కే అవమానంగా ఉంది. నేను ఆవిడ డబ్బు మీద కన్నేశానని మీరు అనుకుంటే అనుకోండి. వదిన కూడా అదే అనుకుంటోంది.

గజపతినగరం 77
నేను అన్నది తప్పుగా తీసుకున్నారు. నా బాధ వేరు. నాన్న డబ్బు పోయినప్పుడు ఇంట్లో ఉన్నది నేను. కువైట్‌లో ఉన్న తమ్ముడు, బరంపురంలో ఉన్న అక్క ఇద్దరూ "నువ్వు చూసుకోలేదా" అన్నారు. అక్క ఇంకో మాట కూడా అంది, ఇక్కడ రాయలేను. నేర్పించిందేమో తమ్ముడు, వీడియో కాల్‌లో. మోసం జరిగితే స్టేషన్‌కీ బ్యాంకుకీ తిరిగేది దగ్గరున్నవాడే. మీరు హైదరాబాద్ నుంచి నేర్పిస్తారు. రేపు ఏదైనా అయితే బస్సెక్కేది మీ అన్నయ్య.

రాజాం మాస్టారు
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నీ బాధ న్యాయమే. దానికి మందు ఆవిడ చేతులు కట్టెయ్యడం కాదు.

గజపతినగరం 77
చేతులు కట్టెయ్యమనలేదు. పోయేది తక్కువ ఉండేలా చూడమంటున్నా.

కోట జంక్షన్
అయితే పెన్షన్ ఖాతా కదపకండి. మరో పొదుపు ఖాతా తెరిచి నెలకి రెండు మూడు వేలు అందులో వేసుకోమనండి, యూపీఐ దానికే పెట్టండి. ఏ ఫోన్‌లో యూపీఐ పెడితే ఆ ఫోన్‌లోని సిమ్ నంబరే ఖాతాకి ఉండాలి. అన్నయ్య నంబరుతో అమ్మ ఫోన్‌లో ఎలాగూ రాదు.

బటన్ ఫోనే మేలు
ఆ రెండో ఖాతాకి 123పే పెట్టుకోవచ్చు. ఊరికే చెప్తున్నా.

కోటబొమ్మాళి అమ్మాయి
రెండో ఖాతా మంచి ఆలోచన. దసరాకి వచ్చినప్పుడు అమ్మనే బ్యాంకుకి తీసుకెళ్లి తెరిపిస్తా. నంబరు అమ్మదే ఇస్తాం. అన్నయ్యకి ముందే చెప్తాను, చాటుగా చేయను. 1930 నంబరు ఫోన్ వెనకాల కాగితం మీద రాసి అంటిస్తాను.

గజపతినగరం 77
మంచిది. నామినీగా ఎవరిని పెడుతున్నారు?

కోటబొమ్మాళి అమ్మాయి
ఫారం అమ్మ నింపుతుంది. ఎవరి పేరు రాస్తుందో నేను అడగను, అన్నయ్యని కూడా అడగనివ్వను.