ఎర్రచందనం కేసుల్లో శిక్ష పెంచితే భయపడేది ఎవరు?

కోర్టు ఎదుట డీటీపీ (తిరుపతి):

పదకొండేళ్లుగా తిరుపతిలో కోర్టు ఎదురుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. రోజూ బెయిల్ పిటిషన్లు టైపు చేసే పని.

పోయిన సోమవారం తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి ఒకామె వచ్చింది. చంకలో బిడ్డ. వేలూరు, చిత్తూరు మీదుగా బస్సులు మారి వచ్చిందట. భర్త ఎర్రచందనం కొట్టడానికి పోయి శేషాచలంలో దొరికాడు. బెయిల్ ఇచ్చి ఇరవై రెండు రోజులైంది, మనిషి మాత్రం ఇంకా లోపలే ఉన్నాడు. ఇద్దరు ష్యూరిటీలు (జామీనుదారులు) కావాలి. అదీ ఇక్కడివాళ్లే అయి ఉండాలి, పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో చూపాలి. ఈ ఊళ్లో ఆమెకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. వకాలత్ మీద వేలిముద్ర వేసి, బొటనవేలి సిరా తలకు తుడుచుకుంది. నాకొచ్చిన అరకొర తమిళంలో అడిగితే అసలు సంగతి చెప్పింది. కూలీలను అడవికి పంపే మేస్త్రీ తాలూకు మనిషి ఫోన్ చేశాడట. ష్యూరిటీలు తనే పెట్టిస్తాడట, ఫీజూ కడతాడట. అదంతా బాకీ కింద రాసుకుంటాడు. తీర్చాలంటే మొగుడు మళ్లీ అడవి ఎక్కాలి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2015 ఏప్రిల్ 7న ఇదే అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ప్రాణం పోవడం కంటే పెద్ద శిక్ష ఏముంది? అయినా ఆ తరవాత కూడా కూలీలు వస్తూనే ఉన్నారు. శిక్ష పెంచితే నేరం తగ్గుతుందనే లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయడం లేదు? తెలిసినవాళ్లు చెప్పండి.

భాకరాపేట రైతుబిడ్డ:

అన్నా, మీ బాధ అర్థమైంది. మా వైపు నుంచి కూడా చూడండి. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను ఈ అడవిలోనే చంపేశారు. వాళ్లకూ పెళ్లాం పిల్లలు ఉన్నారు. చెట్టులో చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, గొడ్డలికి గంట చాలు. పట్టుకున్నవాళ్లను వదిలేస్తే రేపు కొండ మీద ఏమీ మిగలదు.

ఎకనామిక్స్ మేడమ్:

1968లో గ్యారీ బెకర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఈ లెక్క రాశారు. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టడానికి వెళుతూ ఆయనకు ఆలస్యమైంది. డబ్బు కట్టి కారు పార్కింగ్ స్థలంలో పెట్టాలా, జరిమానా పడినా సరే అని రోడ్డు మీద వదలాలా? దొరికే అవకాశం ఎంత, దొరికితే ఎంత పోతుంది అని లెక్కేసుకుని రోడ్డు మీదే పెట్టేశారు. నేరం చేసేవాడూ ఇలాగే బేరీజు వేసుకుంటాడన్నది ఆయన వాదన.

అయితే ఆ రోజు కారు ఆయనదే, జరిమానా పడితే కట్టాల్సిందీ ఆయనే. శేషాచలంలో దుంగ ఒకరిది, జైలు ఇంకొకరిది. కూలీ దొరికితే మేస్త్రీకి పోయేది కొంత అడ్వాన్సు, అదీ బాకీగా మళ్లీ వసూలవుతుంది. కూలీకి వేసే శిక్ష రెండింతలు చేసినా మేస్త్రీ లెక్కలో పెద్ద మార్పేమీ రాదు. లారీ, గోడౌను, బ్యాంకు ఖాతా పోతే మాత్రం అతని సొంత డబ్బు పోతుంది. దొరకడం ఖాయమైతే చిన్న శిక్ష కూడా భయపెడుతుందని ఇటలీలో బెకారియా 1764లోనే రాశాడు. భాకరాపేట తమ్ముడూ, వదిలేయమని నేను అనడం లేదు. పట్టుకునే చెయ్యి ఇంకా పైదాకా పోవాలి.

వకీలు, చిత్తూరు:

ముందు ఆ మనిషిని బయటికి తెచ్చే సంగతి చూడండి. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రి కేసులో, జామీనుదారు వేరే జిల్లావాడని కింది కోర్టు ఒప్పుకోలేదు. ఆంధ్రావాడో తమిళుడో బస్తర్‌లో అరెస్టయితే ఏం చేయాలని జస్టిస్ కృష్ణయ్యర్ అడిగారు. బెయిల్ వచ్చినా విడుదల కాని ఖైదీల విషయంలో 2023 జనవరి 31న సుప్రీంకోర్టు సూచనలిచ్చింది. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తనే షరతు సడలించే విషయం చూడవచ్చు. స్థానిక ష్యూరిటీ వల్లే విడుదల ఆగిపోతుంటే కోర్టు ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం పథకం కూడా ఉంది, విచారణ ఖైదీ తరఫున ఒక పరిమితి దాకా డబ్బు కడతారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ పెట్టించండి. వాళ్లిచ్చే వకీలుకు ఫీజు ఉండదు.

కోర్టు ఎదుట డీటీపీ:

సార్, పదకొండేళ్లలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ ఎంతమందికి మేస్త్రీ తెచ్చిన ష్యూరిటీ కాగితాలే జిరాక్స్ తీసిచ్చానో తలుచుకుంటే గుండె బరువెక్కుతోంది.

తమ్ముడూ, చనిపోయిన ఆ ఇద్దరినీ నేను మరవలేదు. కానీ ఈ మనిషి మేస్త్రీ బాకీతో బయటికొస్తే నేరుగా మీ కొండకే వస్తాడు. బాకీ లేకుండా వస్తే ఇంటికి పోయే దారైనా ఉంటుంది.

బుధవారం మళ్లీ వస్తానని చెప్పింది. వకీలుగారూ, ష్యూరిటీ షరతు సడలించమని కోరే అర్జీ నమూనా మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి. మంగళవారం రాత్రికల్లా టైపు చేసి ఉంచుతాను. అందులో ఏముందో ఆమెకు తమిళంలో చదివి వినిపించేవాళ్లు తిరుపతిలో ఎవరైనా ఉంటే ఆ రోజు పదిన్నరకు షాపు దగ్గరికి రండి.