మడ అడవి విలువను సముద్ర ఖాతాల్లో ఎక్కడ రాయాలి?

అందరికీ నమస్తే. మాది నల్గొండ, ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్నాను. సముద్రం లేని జిల్లావాడికి సముద్ర ఖాతాల (అంటే సముద్రం, తీరం మనకు ఏమిస్తున్నాయో రాసే లెక్కల) మీద ప్రాజెక్టు ఏందని ఇంట్లో నవ్వుతున్నారు, అది వేరే సంగతి.

ఐక్యరాజ్యసమితి 2021లో ఆమోదించిన పర్యావరణ వ్యవస్థల ఖాతా పద్ధతిలో కోరింగ మడ అడవికి పట్టికలు కడుతున్నాను. విస్తీర్ణం వరకు అటవీ సర్వే నివేదికలతో నడిచింది. చిక్కంతా సేవల పట్టిక దగ్గరే, అంటే అడవి ఏమేం ఇస్తుందో రాసే చోట. రొయ్య పిల్ల మడ వేళ్ల మధ్య పెరుగుతుంది, దాన్ని పట్టేది బయట సముద్రంలో. అమ్మినప్పుడు ఆ విలువ చేపల వేట కింద జీడీపీలో చేరిపోతుంది. అదే మళ్లీ మడ అడవి పేరున రాస్తే రెండుసార్లు లెక్కేసినట్టు కాదా? రాయకపోతే అడవి ఇచ్చింది సున్నా అని కనిపిస్తుంది, అది ఇంకా తప్పు.

ఇలాంటి పట్టికలు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ మధ్యంతర సేవను (అడవి నేరుగా మనకు కాకుండా ముందు సముద్రానికి ఇచ్చేదాన్ని) ఏ వరుసలో చూపించారో కాస్త చెప్పండి. గైడ్‌గారు ఈ నెలలోనే అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.