‘రాజును కాను... కూసీ’ తర్వాత ఏమనాలి?

— నాలుగు రోజులుగా ఒక వాక్యం బుర్రలోంచి పోవట్లేదు. ఉత్తర ఫ్రాన్స్‌లో కూసీ వంశం వాళ్లు చెప్పుకున్నది: “రువా నె సుయి, నె ప్రాన్స్, నె ద్యూక్, నె కోంత్ ఓసీ, జె సుయి ల సీర్ ద కూసీ.” తెలుగు చేస్తూ రాజును కాను, రాకుమారుణ్ణి కాను, డ్యూక్‌ను కాను, కౌంట్‌నూ కాను, కూసీ... ఇక్కడ ఆగిపోయాను. సీర్ అంటే దొరా, ప్రభువా? మొదలు “జె నె సుయి రువా” అని కూడా చదివిన గుర్తు. ఏది సరి?

— దొర. కూసీ వంశపు మూడో అంగెరాన్ కట్టించిన కోటలో పెద్ద బురుజు ఎత్తే 54 మీటర్లు. 1917లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ దాన్ని పేల్చేసింది. అలాంటి కోట ఉన్నవాడికి ‘ప్రభువు’ పలచన.

— ఒప్పుకోను అన్నా. మా వైపు దొర అంటే గడీ, వెట్టి గుర్తొస్తాయి. సీర్‌కి మూలం లాటిన్ ‘సెనియోర్’, వయసులో పెద్ద అని. నా ఓటు ‘ఏలిక’కి.

— మాట పుట్టుక వేరు, వాడుక వేరు. అసలు కీలకం ‘నె’. మొదటిది ‘కాను’. తర్వాతి మూడూ ఇప్పటి ఫ్రెంచ్‌లో ‘ని’, అంటే ‘గానీ’ లాంటిది. “రాజునూ, డ్యూక్‌నూ” అని సాగదీస్తే విసురు పోతుంది. ధూర్జటి “రాజుల్ మత్తులు” అన్నప్పుడు వినిపించేది రోషం, ఇక్కడిది ధీమా. ‘ఓసీ’ అంటే ‘కూడా’, అయితే అది కూసీతో ప్రాస కోసం వచ్చింది, తెలుగులో ‘కూడా’ అక్కర్లేదు.

— ‘కోంత్’, అదే కౌంట్ సంగతి చూడండి మాష్టారూ. ఏడో అంగెరాన్ 1365లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కూతురు ఇసబెల్లాను చేసుకున్నాడు, మరుసటేడు బెడ్‌ఫర్డ్ ఎర్ల్ (ఇంగ్లండ్‌లో కౌంట్‌కి సాటి) అయ్యాడు. తర్వాత సువాసోన్ కౌంట్ కూడా. నికోపోలిస్ యుద్ధంలో తురుష్కులకు చిక్కి 1397లో బుర్సాలో బందీగానే పోయాడు. అతని నోట “కౌంట్‌ను కాను” కుదరదు. ఈ వాక్యం అతనికి ముందటిదనే నా నమ్మకం.

— కూసీ అంటే నాకు మాత్రం ఆ కోట కవే. ఆయన దొర కాదు, ‘షాత్‌లెన్’, మన కిల్లేదారు. నాలుగో క్రూసేడ్‌కి పోతూ 1203లో ఓడ మీదే చనిపోయాడు. ప్రియురాలిని వదిలి వెళ్లే బాధ మీద ఆయన పాట ఒకటుంది, చదివితే గొంతు పట్టేస్తుంది.

— కిల్లేదారు! ఎంత బాగుందక్కా. అయితే కిల్లేదారు పైన ఉన్నవాడు దొరే కదా?

— ఏలిక.

— అక్కా, ఆ పాట పెట్టండి ముందు.